ఒక్కడికి ఇద్దరు

ఇవాన్స్‌విల్,
అక్టోబరు 19, 1968

ఒరేయ్ బామ్మర్దీ,

పేపరు చూశావా? చూసే ఉంటావులే. చూసి ఏ తువ్వాళ్ళ గుట్ట వెనకో దూరి ఏడుస్తుంటావు. మీ యంగ్స్‌టౌన్ హ్యామర్స్ బాస్కెట్‌బాల్ జట్టు సామాన్ల గదిలో తువ్వాళ్ళకేం కొదవ, నువ్వు ఉతికినవే కదా, కావలసినన్ని తీసి తుడుచుకో.

ఎల్వుడ్ క్రెన్షాని మాకిచ్చేశారు! ఆరడుగుల పదకొండంగుళాల మనిషిని, పోయినేడు ఆటకి ఇరవై నాలుగు పాయింట్లు చొప్పున వేసినవాణ్ణి, ఇరవై ఆరేళ్ళు కూడా నిండనివాణ్ణి! బదులుగా మా రివర్‌మెన్ వాళ్ళు మీ మొహాన కొట్టిందెవర్ని? ఇద్దరు బెంచీ బాపతు గాళ్ళని. ఒకడు కూల్టర్. రెండోవాడి పేరు మా ఊళ్ళోనే ఎవరికీ గుర్తు లేదు.

ఇవాళ నా క్షౌరశాలకి ఒక్కడూ జుట్టు కత్తిరించుకోడానికి రాలేదు, అందరూ నవ్వుకోడానికే వచ్చారు. ముసలి ఆబ్నర్ అయితే, "ఇది బేరం కాదురా లెమ్, దోపిడీ. ఆ మేనేజరు చేత ఏ మత్తులోనో సంతకం పెట్టించుంటారు" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

పందెం కాస్తావా? సీజను అయ్యేలోపు ఈ మార్పిడిలో మీ ఊరికి అన్యాయం జరగలేదని నా చేత ఒప్పించగలిగితే నా మీసం తీయించుకుంటాను. ఇరవయ్యేళ్ళ మీసం! నా కుర్చీలోనే కూర్చుంటాను, నా కత్తే నీ చేతికిస్తాను. ఒప్పించలేకపోతే ఈస్టరుకి వచ్చినప్పుడు నీది పోతుంది.

మీ అక్క నువ్వు సరిగ్గా తింటున్నావా లేదా అని అడగమంది. ఈ వారం నీకు ముద్ద దిగదులే అని చెప్పాను.

నీ బావ,
లెమ్యూల్

యంగ్స్‌టౌన్,
అక్టోబరు 26, 1968

బావా,

పందెం ఒప్పుకున్నాను.

ఇక్కడ ఊరంతా గగ్గోలుగా ఉంది. ఉక్కు కొలిమిలో షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే మా ఆఫీసు ముందుకొచ్చి మేనేజర్ని బండబూతులు తిట్టిపోతున్నారు. ఒకాయన తన సీజను టిక్కెట్టు ముక్కలు చేసి గుమ్మంలో పోసి వెళ్ళాడు, నేనే ఊడ్చాను. నేను మాత్రం ఎవరితోనూ ఏమీ అనలేదు. నన్నడిగితే బేరం న్యాయంగానే జరిగింది. కూల్టర్‌ని నువ్వంత తీసిపారెయ్యకు, మంచి కాళ్ళున్న కుర్రాడు. మా పైవాళ్ళు నువ్వనుకున్నంత తెలివితక్కువవాళ్ళు కాదు.

ఒక్కటి అడుగుతాను, ఊరికే. ఆటగాణ్ణి తీసుకున్న జట్టుకి మూడు రోజుల గడువుంటుంది కదా, తమ డాక్టరు చేత పరీక్ష చేయించుకోవచ్చు, నచ్చకపోతే వెనక్కి పంపెయ్యొచ్చు. మీ వాళ్ళు చేయించారా? గడువు ఎలాగూ దాటిపోయిందనుకో. ఊరికే అడిగాను.

అక్కకి నేను బాగానే తింటున్నానని చెప్పు.

థాడ్

ఇవాన్స్‌విల్,
నవంబరు 18, 1968

ఒరేయ్ థాడ్,

కూర్చుని చదువు. ఎల్వుడ్ క్రెన్షా జుట్టు ఎవరు కత్తిరిస్తున్నారనుకున్నావు? ఈ లెమ్యూల్ గాస్కిన్సే! వరసగా నాలుగు శనివారాల్నించి పొద్దున్నే తొమ్మిదింటికి వస్తున్నాడు. కిటికీ పక్క కుర్చీయే కావాలి. మోకాళ్ళు అద్దానికి తగులుతాయి పాపం, అయినా వేరే కుర్చీలో కూర్చోడు. మొదటి వారం అందులో కూర్చున్నాడు, ఆ సాయంత్రం ముప్ఫై ఒకటి వేశాడు. ఇంక ఆ కుర్చీ వదుల్తాడా!

మంచి పిల్లాడ్రా. నన్ను బాబాయ్ అంటాడు, మీ అక్కని పిన్నీ అంటాడు. ఆవిడ చేసిన చిలగడదుంప తీపిరొట్టె సగం ఒక్కడే తిని, "మిగతాది మా అమ్మకి పంపుతాను, మిసిసిపీకి చేరేలోపు పాడవుతుందా పిన్నీ?" అని అడిగాడు. ఆవిడ కరిగి నీరైపోయింది. ఫిబ్రవరిలో వాళ్ళమ్మని ఇక్కడికే తెచ్చేసుకుంటాడట. మా వీధిలోనే ఇల్లు చూశాడు.

పరీక్ష సంగతి అడిగావు కదా, నేను ఎల్వుడ్‌నే అడిగాను. మీ డాక్టరు "గుర్రంలా ఉన్నాడు" అని కాగితం రాసి పంపాడట. మర్నాడే ఆట ఉంది, మావాళ్ళు తొందరలో ఆ కాగితమే చాలనుకుని సంతకం పెట్టేశారట. నీకెందుకొచ్చిన దిగులు? గుర్రాన్ని ఇచ్చామని బాధా?

ఇంకోటి. నీ కిందటి ఉత్తరం ఆట ఉన్న రోజున వచ్చింది, మధ్యాహ్నం విప్పాను, సాయంత్రం ఓడిపోయాం. ఇక మీదట ఆట రోజున నీ ఉత్తరం విప్పేది లేదు. నవ్వకు. నువ్వు కూడా గెలిచినన్నాళ్ళూ ఒకే జత మేజోళ్ళు ఉతక్కుండా తొడుక్కున్నవాడివే. మీ అక్క ఇంట్లోకి రానివ్వలేదు, మర్చిపోయావా?

లెమ్యూల్

యంగ్స్‌టౌన్,
డిసెంబరు 2, 1968

బావా,

ఎల్వుడ్ నీ దగ్గరికి వస్తున్నాడని చదివాను. ఈ లోకంలో ఇన్ని క్షౌరశాలలుంటే నీ దగ్గరికే రావాలా.

వాడు ఆయాసపడుతున్నాడా? కుర్చీలోంచి లేచినప్పుడు దేన్నైనా పట్టుకుంటున్నాడా? ఇక్కడున్నప్పుడు ఒకసారి ఎండ దెబ్బ తగిలిందిలే, అందుకని. ఆటలో మధ్య మధ్య కాసేపు కూర్చోమని చెప్పు. నలభై ఎనిమిది నిమిషాలూ వాడే ఆడాలా? మీ కోచ్‌కి వేరే మనుషులు లేరా?

ఇక మీదట ఆ దోపిడీ మాట నాకు రాయకు. ఎన్నాళ్ళు ఈ వేళాకోళం? మా కూల్టర్ మొన్న ఇరవై రెండు వేశాడు. ఆ రెండోవాడి పేరు గ్రేడీ, రాసి పెట్టుకో. మేం మీకంటే రెండు ఆటలు ముందున్నాం. ఊళ్ళో తిట్టినవాళ్ళే ఇప్పుడు చప్పట్లు కొడుతున్నారు.

థాడ్

ఇవాన్స్‌విల్,
డిసెంబరు 22, 1968

థాడ్,

నీ నోరు మంచిది కాదురా.

నిన్న ఎల్వుడ్ వచ్చాడు. మెడ చుట్టూ గుడ్డ కట్టాను, కబుర్లు చెబుతున్నాడు, ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. అద్దంలో చూస్తే మొహం బూడిద రంగులో ఉంది, పెదాల్లో నెత్తురు లేదు. కత్తి పక్కన పడేసి భుజాలు పట్టుకున్నాను. అర నిమిషం కూడా లేదు, కళ్ళు తెరిచి, "ఏం బాబాయ్, చెవి కోసేశావా?" అని నవ్వాడు. జేబులోంచి ఉప్పు బిళ్ళలు తీసి రెండు నోట్లో వేసుకున్నాడు. "మా పాత జట్టు డాక్టరు ఇచ్చాడు, ఇవి వేసుకుంటే తగ్గిపోతుంది" అన్నాడు.

ఆబ్నర్ ఏమన్నాడో తెలుసా? "యంగ్స్‌టౌన్ వాళ్ళ ఏడుపు తగిలింది" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. నీ ఉత్తరం గుర్తొచ్చింది. దేన్నైనా పట్టుకుంటున్నాడా అని అడిగావు చూడు. నీకెలా తోచిందిరా ఆ మాట? వాడు మాకు దక్కాడన్న కడుపుమంటతో చెడు కోరుకోవడం లేదు కదా? ఉంటే చెప్పు, మొహమాటం లేదు.

సాయంత్రం వాడు ఇరవై తొమ్మిది వేశాడు, మేం గెలిచాం. కాబట్టి ఏమీ లేదనే అనుకుంటున్నాను. మీ అక్క మాత్రం అప్పటినుంచీ ముభావంగా ఉంది.

క్రిస్మస్ శుభాకాంక్షలు.

లెమ్యూల్

యంగ్స్‌టౌన్,
జనవరి 8, 1969

బావా,

వాడికి నేను చెడు కోరుకుంటానా? వాడి చీలమండలకి మూడేళ్ళు నా చేతులతో పట్టీలు కట్టాను.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. నువ్వు ఒక్క పని చెయ్యి. వాణ్ణి మీ ఊళ్ళో ఎవరైనా మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. జట్టు డాక్టరు దగ్గరికి కాదు, బయటి డాక్టరు. గుండె చూడమని చెప్పు. కారణం అడక్కు. అక్క మీద ఒట్టు, తీసుకెళ్ళు.

థాడ్

ఇవాన్స్‌విల్,
జనవరి 14, 1969

ఒరేయ్ దొంగ వెధవా,

నీ ఎత్తు నాకు తెలీదనుకున్నావా? ఫిబ్రవరి రెండున మీ ఊళ్ళో మీకూ మాకూ ఆట. మేం వరసగా అయిదు గెలిచి మీ మడమల మీదకొచ్చేశాం. ఇప్పుడు ఎల్వుడ్‌ని డాక్టర్ల చుట్టూ తిప్పాలి, వాళ్ళు నెల్లాళ్ళు పడుకోబెట్టాలి, మీరు హాయిగా గెలవాలి. అంతేగా? పైగా నా పెళ్ళాం మీద ఒట్టు పెడతావా? సిగ్గులేదూ?

నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆబ్నర్, "చూశావా, ఆ ఊరి వాళ్ళకి ఇప్పుడు నొప్పి తెలుస్తోంది" అన్నాడు. షాపంతా గొల్లుమంది. ఎల్వుడ్‌కి కూడా చెప్పాను. "థాడ్ అన్న ఇంకా నా గురించి దిగులు పడుతున్నాడా? మంచివాడు" అన్నాడు. వాడికి నువ్వంటే ఇష్టమేరా, అదీ నాకు మండుతోంది.

మీ అక్క మాత్రం "మా తమ్ముడు ఒట్టు ఊరికే పెట్టడు, తీసుకెళ్ళు" అని ఒకటే పోరు. ఈ వరస గెలుపులు తెగనీ, తీసుకెళతాను అన్నాను.

లెమ్యూల్

యంగ్స్‌టౌన్,
జనవరి 19, 1969

బావా,

ఇది ఎత్తు కాదు. పక్కన ఎవరూ లేకుండా చదువు. చదివాక షాపు మూసేసి ఎల్వుడ్ దగ్గరికి వెళ్ళు.

సెప్టెంబరు పదిహేడున శిక్షణ శిబిరంలో వాడు నా పట్టీల బల్ల పక్కనే పడిపోయాడు. ఎండ లేదు, గదిలో ఫ్యాను తిరుగుతోంది. తల నా తువ్వాళ్ళ మీద పెట్టుకున్నాను. పెదాలు నీలంగా అయిపోయాయి. ఒక నిమిషం పాటు వాడు లేడనే అనుకున్నాను. డాక్టరు వచ్చి గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. వాడు లేచాక, "ఎండ దెబ్బ, ఉప్పు బిళ్ళలు వేసుకో" అని పంపేశాడు.

వాడు అటు వెళ్ళగానే మేనేజర్నీ కోచ్‌నీ పిలిచి వేరే మాట చెప్పాడు. "గుండె పెరిగిపోయింది. పరిగెత్తిస్తూ పోతే ఎప్పుడో ఆట మధ్యలోనే ఆగిపోతుంది. ఈ సీజనో వచ్చే సీజనో చెప్పలేను" అన్నాడు. మేనేజరు, "ఇది ఇంకెవరికి తెలుసు?" అన్నాడు. నేను తువ్వాళ్ళ గుట్ట వెనకే ఉన్నాను బావా. నువ్వు వేళాకోళానికి రాశావు, నిజంగానే అక్కడున్నాను. ఆయన తల తిప్పి నన్ను చూశాడు. "థాడ్, మా దగ్గర పద్నాలుగేళ్ళయింది కదూ నీకు?" అన్నాడు. అంతే. నెల తిరిగేసరికి మీకిచ్చేశారు.

ఎల్వుడ్‌కి ఇది తెలీదు. వాడికి ఎవరూ చెప్పలేదు.

భయపడి నోరు మూసుకున్నానంటే నువ్వు క్షమిస్తావేమో. అదొక్కటే కాదు. ఊరంతా బేరం పోయిందని తిడుతుంటే, నువ్వు దోపిడీ అని ఎగిరి గంతేస్తుంటే, నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. దోచుకున్నది మేమే కదా అనుకున్నాను. మనిషి సంగతి మర్చిపోయాను, జట్టు సంగతే గుర్తుంది. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఫోను చెయ్యొచ్చు. చేస్తే నీ గొంతు వినాలి, అందుకే రాస్తున్నాను.

వాణ్ణి ఇంకొక్క ఆట కూడా ఆడనివ్వకు.

థాడ్

ఇవాన్స్‌విల్,
జనవరి 23, 1969

ఒరేయ్ బామ్మర్దీ,

నీ ఉత్తరం నిన్న అందింది. ఈసారి బాగా లావుగా ఉంది, తిట్లన్నీ కూరి పంపినట్టున్నావు. విప్పలేదు!

ఎనిమిది గెలిచాంరా! వరసగా ఎనిమిది! ఈ ఊరి చరిత్రలో లేదు. ఒకే చొక్కా వేసుకుంటున్నాను, ఒకే మెట్టు మీంచి దిగుతున్నాను, ఆబ్నర్‌ని కుడి పక్కనే కూర్చోబెడుతున్నాను. ఇలాంటప్పుడు యంగ్స్‌టౌన్ ఉత్తరం విప్పి కొంపలు ముంచుకుంటానా? మామూలు రోజుల్లో కూడా ఇక విప్పను. రేడియో కింద పెట్టాను, అక్కడే ఉంటుంది. ఓడిన రోజున విప్పుతాను, ఆ రోజు రాకూడదనే కోరుకో.

మీ అక్క "విప్పండి, ఏముందో చూడండి" అని రెండుసార్లు తీసింది. చేతిలోంచి లాక్కుని మళ్ళీ అక్కడే పెట్టాను. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆవిడ చేతిలోంచి ఏదైనా లాక్కోవడం ఇదే మొదటిసారి, అలిగి కూర్చుంది.

మీసానికి నూనె రాస్తున్నాను. నీది జాగ్రత్త.

లెమ్యూల్

యంగ్స్‌టౌన్,
జనవరి 27, 1969

బావా,

శనివారం రేడియోలో విన్నాను. ఇవాళ నీ ఉత్తరం వచ్చింది.

ఆ కవరు ఇంకా విప్పకపోతే విప్పకు. విప్పినట్టయితే కాల్చెయ్. ఇప్పుడది ఎవరికీ ఏ మేలూ చెయ్యదు. మేనేజరు ఇవాళ నన్ను గదిలోకి పిలిచి, "పాపం కదూ థాడ్" అన్నాడు. అలాగేనండి అన్నాను. నాకు వేరే పని చేతకాదు. కాళ్ళు పట్టుకుంటాను, కాల్చెయ్.

థాడ్

ఇవాన్స్‌విల్,
ఫిబ్రవరి 9, 1969

థాడ్,

నువ్వు తెలుసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ శనివారం పొద్దున ఎల్వుడ్ ఎప్పట్లాగే తొమ్మిదింటికి వచ్చాడు. ఆట పక్క ఊళ్ళో, మధ్యాహ్నం బస్సు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. నేనే గొప్పగా రేడియో ఎత్తి నీ కవరు చూపించాను. "మీ థాడ్ అన్న రాశాడు, గెలుపు తెగేదాకా విప్పను" అన్నాను. వాడు కవరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "బాగా బరువుంది బాబాయ్" అన్నాడు. మళ్ళీ తనే రేడియో కింద పెట్టి, పైన చేత్తో తట్టి, "అక్కడే ఉండనీ, తొమ్మిదోది గెలుచుకొస్తాను" అన్నాడు. వాడి చేతిలో ఉందిరా. వాడి చేతిలోకి వచ్చి మళ్ళీ కిందకి పోయింది.

మూడో భాగంలో రేడియో ఆయన, "క్రెన్షా జారిపడ్డాడు" అన్నాడు. తర్వాత, "ఇంకా లేవలేదు" అన్నాడు. మోసుకెళ్ళి ఆట కొనసాగించారు. తొమ్మిది పాయింట్లతో ఓడిపోయాం. ఓడిపోయాం కాబట్టి నీ ఉత్తరం విప్పాను. విప్పుతుండగా ఇంకా ఆశ ఉంది. చదవడం అయ్యేసరికి రేడియోలో కబురు చెప్పారు.

మీ అక్క ఆ కాగితాలు నా చేతిలోంచి తీసుకుని చదివింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. నీ పేరు ఈ ఇంట్లో ఎత్తలేదు.

వాణ్ణి అక్కడే మట్టి చేసి, వాళ్ళమ్మ మొన్న మంగళవారం మిసిసిపీ నుంచి దిగింది. మొదట్నించీ దిగాల్సిన రోజు కూడా అదేనట, టిక్కెట్టు వాడే కొని పంపాడు. వాడు కూర్చున్న కుర్చీ చూస్తానని మీ అక్కని తోడు తీసుకుని షాపుకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, కుర్చీ చేతిమీద చెయ్యి వేసి నిలబడింది. "మా వాడు ఒంట్లో బాగాలేదని మీతో ఎప్పుడైనా అన్నాడా నాయనా?" అని అడిగింది. నీ ఉత్తరం నా జేబులో ఉంది. నువ్వు కాల్చెయ్యమన్న కాగితం కూడా ఉంది. రెండూ ఇచ్చేశాను.

ఆవిడకి చదువు రాదు. మీ అక్కే చదివి వినిపించింది. నీ పేరు వచ్చిన చోట కూడా ఆగలేదు. ఆవిడ మొత్తం విని, "ఇది మీకు ఎప్పుడు వచ్చింది?" అంది. బుధవారం అన్నాను. "వాడు పోయింది శనివారం కదా?" అంది. అవునమ్మా అన్నాను. రేడియో కింద ఉందని చెప్పాను, ఎందుకు పెట్టానో కూడా చెప్పాను. ఆవిడ తిట్టినా బాగుండేది. కాగితాలు మడిచి చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వకీలు దగ్గరికి వెళతానంది. మీ అక్క కూడా వెంట వెళ్ళింది.

నువ్వు నాలుగు నెలలు దాచావు, నేను మూడు రోజులు దాచాను. ఎవరిది ఎక్కువ అని నిన్ను అడగను, నన్ను నేనే అడుక్కుంటున్నాను. వకీలు మనుషులు మీ ఊరికి వస్తారు. తువ్వాళ్ళ గుట్ట వెనక విన్నదంతా విన్నట్టు చెప్పు. అదొక్కటైనా చెయ్యి.

పందెం నువ్వే గెలిచావు. మీ ఊరికి ఏ అన్యాయమూ జరగలేదు, ఒప్పుకుంటున్నాను. ఇవాళ పొద్దున కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నా మీసం నేనే తీసేసుకున్నాను.

ఈస్టరుకి రావద్దు.

లెమ్యూల్